తెల్లజొన్నల మిక్సరు

నా ఏళ్లు సాగయి.
ముందుగాల్నే చెప్పేస్తున్న,
చివరిదాక దాచిపెట్టి ఏడిపించే కథ కాదిది.
మర్రిగూడ బోరునీళ్లు ఇరవై ఏండ్లు తాగినోని చెయ్యి
తుప్పుపట్టిన గేటు లెక్క.
పూరా తెరువదు, పూరా మూయదు.

మిక్సరు మీద ఎనిమిది మీటలు,
ఒక్కోటి గోరంత.
ఒగ్గోళ్లు కథ ఎత్తుకునే యాళ్లకు
డోలును రవ్వంత దించాలె,
తాళాన్ని గుంజి పట్టాలె,
వంతపాట ముసలోని గొంతు సన్నబడుతుంటే
కిందికెళ్లి చెయ్యేసి లేపాలె.
ఇదంత నా చెవులల్ల ఉన్నది.
ఏళ్లల్ల లేదు.

నాంపల్లి పెండ్లిల
దించబోయిన మీట ఎగిరి మీదికి పోయింది.
మైకు కూతకు పెండ్లిపిల్ల చెవులు మూసుకున్నది.
తలంబ్రాలు చేతులల్లకెళ్లి జారినయి.
పైసలు సగమే ఇచ్చిండ్రు.
న్యాయమే.

జానిమియా కొడుకు షాదుల్
సెల్లుఫోన్లు బాగుచేస్తడు, మాటలు తక్కువ.
"మీట ముట్టకు మామా, చూపియ్యి" అన్నడు.
ఏం చూపియ్యాల్నో చెప్పలే.
విరిగిన మైకుస్టాండుకు పాత ఫోను బోర్లా కట్టిండు.
కింద నల్ల రెగ్జిను పరిచి
సుద్దముక్కతోని ఎనిమిది గళ్లు గీసిండు.
గడిల ఎంత తెలుపుంటే ఆ గొంతు అంత లేస్తదట,
నల్లగుంటే సప్పుడు జెయ్యదట.
నేను నవ్విన.
కంటికి పాట ఇనబడితే
చెవులు ఎందుకురా, కమ్మలకా?

మా ఆమె చాటల తెల్లజొన్నలు చెరుగుతుండె.
గిలాసతోని ముంచి రెండో గడిల ఒంపిన.
డోలు లేచింది.
ఇంకింత ఒంపిన.
గోడకున్న క్యాలెండరు అదిరింది.
మణికట్టుతోని పక్కకు జరిపిన,
డోలు ఎనకకు పోయింది,
పిలిస్తే వచ్చి పొమ్మంటే పోయే పిల్లగాని లెక్క.

ఏళ్లు లేకుంట గొంతులు కలిపిన ఆ పొద్దు.
మోచేయితోని, అరచేయి అంచుతోని,
ఒకపారి ఊపిరి ఊది
తాళాన్ని నాలుగు గింజలంత దించిన.
నడుమ కోడిపిల్ల ఒకటొచ్చి
ముసలోని గొంతుకెళ్లి ఐదారు గింజలు మింగింది.
పాపం, వంతపాట అక్కడ పలచనైంది.
ఎవ్వరు గుర్తుపట్టలే.

షాదుల్ చాయకు పోయిండు.
నాకు ఎందుకు తోచిందో,
పెట్టె అడుగుకెళ్లి ఎక్స్‌రే తీసిన.
నల్లగొండ దవాఖాన్ల తీసింది.
డాక్టరు కిటికీకి పట్టి చూసి
"బొక్కలు మస్తు తెల్లగున్నయి" అన్నడు,
మెచ్చుకున్నట్టే అనిపించింది అప్పుడు.

దుకాణం బోర్డు లైటుపలక ఊడబీకి
గళ్ల మీద పెట్టిన,
దాని మీద నన్ను పరిచిన.
వెన్నుపూస రెండు గళ్ల నడిమిట్ల నిలువున,
పక్కబొక్కలు మిగిలిన వాటి మీదికి.
ఎనిమిదీ ఒక్కపారే లేచినయి.

మైకుల ముందట ఎవ్వరు లేరు.
ఫ్యాను గీర.
నీళ్ల ట్యాంకరు ఎనకకు వచ్చే కూత.
నా ఊపిరి, ఇంత పెద్దగుంటదని తెల్వదు.
మెడ తిప్పిన.
కటుక్కుమన్నది.
మెడ కాదు, రెండు బాక్సులు అన్నయి.
రోడ్డవతల బస్సుకు నిలబడ్డోళ్లు
ఇటు తిరిగి చూసిండ్రు.
ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

లైటు ఆర్పొచ్చు.
ఆర్పలే.
చాట దగ్గరికి గుంజుకొని
నా వెన్నుపూస మీద జొన్నలు పోసిన.
గమ్మతి ఏందంటే,
నలుపు మీద గొంతయిన గింజ
వెలుగు మీద మూత అయితది.
ఒక్కో పూస మూసుకుంట వచ్చిన.
ట్యాంకరు పోయింది, ఫ్యాను పోయింది,
ఆఖరుకు నా ఊపిరి గూడ
నాకే ఇనబడేంత అయింది.

అప్పుడొచ్చింది మళ్ల ఆ కోడిపిల్ల.
నడుము కాడికెళ్లి మొదలుపెట్టింది.
ఒక్కో గింజ ఏరుతుంటే
ఒక్కో సూదంత వెలుతురు.
బాక్సులల్ల
దాని ముక్కు సప్పుడు,
టిక్కు, టిక్కు,
నా మెడ దిక్కు వస్తున్నది.